చీకటి గదిలో ఎర్ర బల్బు

3వ తేదీ, సోమవారం

పాత డైరీ నిండిపోయింది. అందులో సగం ప్రతిజ్ఞలు, మిగతా సగం వాటిని ఎందుకు తప్పానో సంజాయిషీలు. ఈ కొత్త డైరీలో ప్రతిజ్ఞలు రాయకూడదని ప్రతిజ్ఞ.

విత్తనాల ప్రయోగశాలలో చేరి ఇవాళ్టికి ఆరు నెలలు. బయట ఎవరితోనూ అనను గానీ, ఇక్కడ నాకు హాయిగా ఉంది. గాజు పళ్ళేలు కడగడం, వాటిలో గుండ్రటి కాగితాలు పరవడం, తడపడం, పళ్ళేనికి యాభై చొప్పున విత్తనాలు పేర్చడం. లెట్యూస్ అనే ఆకుకూర విత్తనం చీమ తలకాయంత ఉంటుంది. వాటిని పేర్చేటప్పుడు నాకు కోపం రాదు. రోజులో అదొక్కటే అలాంటి సమయం.

నా పేరు ఇక్కడ ఎవరికీ గుర్తులేదు. కరపత్రం అంటారు. చేరిన మొదటి వారమే "పనివాళ్ళకీ పరువుంది" అని నాలుగు పేజీలు రాసి అందరి బల్లల మీదా పెట్టాను. పెద్దమేడం చదివి రెండు అచ్చుతప్పులు దిద్ది వెనక్కిచ్చింది. ఊడ్చి తుడిచే పిన్ని మాత్రం, "నీ కాగితం చాలా మంచిది నాయనా, కిటికీ అద్దాలు మెరిసిపోతున్నాయి" అంది. ఎవరికోసం రాశానో ఆవిడే అలా అనేసరికి రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు అద్దాలు చూశాను. నిజంగానే మెరుస్తున్నాయి.

ఇవాళ పొద్దున, విత్తనాలకి వెలుగు తగలనివ్వని చీకటి గది తలుపు మీది నల్లబోర్డు తుడిచాను. లోపలికి ఎవరు వెళ్ళినా ఎప్పుడు వెళ్ళారో దానిమీద రాయాలని మేడం పెట్టిన చట్టం. పిన్నికి రాత రాదు. ఆవిడ ఒక చీపురు బొమ్మ గీస్తుంది. నిలువుగా ఒక గీత, కింద నాలుగు పుల్లలు. ఎంత తొందరలో ఉన్నా గీయకుండా అడుగు పెట్టదు. ఈ భవనంలో ఆ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించేది చదువురాని ఆవిడ ఒక్కతే. దీని మీద ఒక కరపత్రం రాయాలి.

5వ తేదీ, బుధవారం

అక్క ఇవాళ మధ్యాహ్నం ఊరెళ్ళింది. సొంత అక్క కాదు, మా ప్రయోగశాలలోనే పట్టా కోసం పరిశోధన చేస్తోంది. మూడేళ్ళ పని, ఈ నెలతో ఆఖరు. పొద్దున్నే నలభై పళ్ళేలకీ వెలుగులు వేసేసింది. కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి ఎరుపు తరవాత ఫార్ రెడ్ అనే ఇంకో వెలుగు, కొన్నిటికి అసలేమీ లేదు, చీకటే. అన్నిటినీ పెట్టెల్లో మూసి చీకటి గదిలో ఉంచింది. వెళ్ళేముందు, "తమ్ముడూ, రేపూ ఎల్లుండీ కాగితాలు ఆరిపోకుండా చుక్క చుక్క నీళ్ళు వెయ్యి. పచ్చ బల్బు కింద తప్ప పెట్టెలు తెరవకు" అంది. నన్ను నమ్మింది. రాసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

అక్క అటు వెళ్ళిందో లేదో పచ్చ బల్బు పోయింది.

స్టోరుకి పరిగెత్తాను. స్టోరు బాబాయ్ వేళ్ళు మడిచి లెక్కేసి, "సోమవారం వస్తుంది" అన్నాడు.

"ఇవాళ బుధవారం!"

"నేను కాదన్నానా?"

నాకు ఒళ్ళు మండింది. బల్బు కూడా సకాలంలో తేలేని ఈ వ్యవస్థ గురించి పది నిమిషాలు మాట్లాడాను. అయ్యాక బాబాయ్, "మంచినీళ్ళు కావాలా?" అన్నాడు. తాగాను.

సాయంత్రం ఇంటికెళ్ళి నాన్న స్టూడియో సామాన్ల పెట్టె విప్పాను. నాన్న నలభయ్యేళ్ళు చీకటి గదిలో ఎర్ర బల్బు కింద ఫొటోలు కడిగాడు. ఒక్క ఫొటో చెడలేదు. నా బారసాల ఫొటో కూడా ఆ వెలుగులో పుట్టిందే. బల్బు ఇంకా వెలుగుతోంది! ఎవరినీ అడగదలుచుకోలేదు. ప్రతి చిన్న పనికీ అనుమతి అడిగేవాడు చివరికి ఊపిరికి కూడా అడుగుతాడు.

6వ తేదీ, గురువారం

ఎర్ర వెలుగులో ఆ గది ఎంత బావుందో. నలభై పళ్ళేలూ తడిపాను. పచ్చ వెలుగులో తడుముకునేవాణ్ణి, ఇందులో ఒక్కో గింజా స్పష్టంగా కనిపించింది. తీరిగ్గా, ప్రేమగా చేశాను. అరగంట పట్టింది.

7వ తేదీ, శుక్రవారం

మళ్ళీ తడిపాను. మళ్ళీ బావుంది.

8వ తేదీ, శనివారం

అన్నీ మొలిచాయి.

పెట్టెలు బయటికి తెచ్చి వరండా బల్ల మీద మూతలు తీస్తే ప్రతి పళ్ళెంలోనూ తెల్లటి తోకలు. ఎరుపు పడ్డవీ, ఫార్ రెడ్ పడ్డవీ, చీకట్లో ఉంచినవీ, తేడా లేకుండా అన్నీ. నిజం రాయాలి: ముందు నాకు సంతోషమేసింది. సమానత్వం అంటే ఇదీ అనుకున్నాను. పైకి అనేశాను కూడా.

ఊరినుంచి అప్పుడే వచ్చిన అక్క నవ్వలేదు. పళ్ళెం పళ్ళెం చూసుకుంటూ వెళ్ళి ఆఖరి పళ్ళెం దగ్గర కూర్చుండిపోయింది. "చీకటివి మొలవకూడదు తమ్ముడూ. యాభైలో రెండో మూడో. ఇక్కడ నలభై ఎనిమిది. ఎవరో వెలుగు పడనిచ్చారు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బావుండేది.

మేడం వచ్చింది. చీకటి గది తలుపుకున్న నల్ల తెర ఒక పక్క కొక్కేనికి తగులుకుని ఉందట. "ఈ తలుపు ఎవరు తీశారు?" అని అడిగింది నన్ను చూస్తూ. నన్నెవరైనా అలా చూస్తూ అడిగితే నా నోరు ఆగదు.

"ఏమో మేడం. వరండా తుడిచేటప్పుడు కర్ర తగిలి కాస్త తెరుచుకుందేమో."

అంతే అన్నాను.

మేడం అక్కతో అంది: "మళ్ళీ వెయ్యి. మళ్ళీ అన్నీ మొలిస్తే విత్తనాల సంచిదే తప్పు. మొలవకపోతే ఈసారి వెలుగు పడినట్టే. అలాగైతే నెలాఖరున ఆవిణ్ణి పనిలోంచి తీసేద్దాం. అప్పటిదాకా కుండీల షెడ్డులో చెయ్యమను."

9వ తేదీ, ఆదివారం

నేను ఎవరి పేరూ చెప్పలేదు. కర్ర అన్నాను, అంతే.

10వ తేదీ, సోమవారం

పచ్చ బల్బు వచ్చింది. బాబాయ్ మాట నిలబెట్టుకున్నాడు. బిగించాను. ఎర్రదాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను. అది పెట్టిన సంగతి ఎవరూ అడగలేదు, అడగని దానికి జవాబెలా చెప్తాం?

బోర్డు తుడిచాను. ఊరికే గుర్తొచ్చింది, ఇదీ రాసుకుంటున్నాను: పోయిన గురు, శుక్ర, శనివారాల్లో కూడా నేనే తుడిచాను. మూడు రోజులూ అక్క పేరూ నా పేరూ తప్ప ఏమీ లేదు. చీపురు గుర్తు లేదు.

11వ తేదీ, మంగళవారం

వరండా ఎవరూ తుడవలేదు. అద్దాల మీద దుమ్ము. "శ్రమకు నింద వేసే సమాజం" అని శీర్షిక పెట్టి కూర్చున్నాను. రెండో వాక్యం రాలేదు.

షెడ్డులో మోకాలి దాకా నీళ్ళట. పిన్నికి మోకాళ్ళ నొప్పులు.

12వ తేదీ, బుధవారం

ఇవాళ టీ బావుంది.

13వ తేదీ, గురువారం

నిన్న టీ ఎలా ఉందో నాకు తెలీదు. ఎత్తిన గ్లాసు ఎత్తినట్టే చల్లారిపోయింది. నిన్న రాయలేనిది ఇవాళ రాస్తాను, ఇవాళ్టిది కూడా.

నిన్న అక్క కొత్త విత్తనాలు నానబెట్టి వచ్చి టీ తాగుతోంది. నేను ఏదో కబురు చెప్తున్నట్టు మొదలుపెట్టాను. "మా నాన్న చీకటి గదిలో ఎర్ర బల్బు వాడేవాడక్కా. మనం పచ్చదే ఎందుకు వాడతాం?"

అక్కకి ఈ విషయం అడిగితే చాలు, ప్రాణం లేచొస్తుంది. "ఫొటో కాగితం ఎరుపుకి గుడ్డిది తమ్ముడూ. అందుకని ఆ గదిలో ఎరుపు పెడతారు. మన విత్తనం పచ్చకి దాదాపు గుడ్డిది, దానికి కళ్ళున్నదే ఎరుపు చూడ్డానికి! దానిలో ఫైటోక్రోమ్ అని ఒక ప్రొటీన్ ఉంది. ఎరుపు తగిలితే లేచి కూర్చుని 'మొలువు' అంటుంది. ఫార్ రెడ్ తగిలితే పడుకుంటుంది. మళ్ళీ ఎరుపు వేస్తే మళ్ళీ లేస్తుంది. వెంటవెంటనే ఎన్నిసార్లు లేపు, ఎన్నిసార్లు పడుకోబెట్టు, ఆఖరున ఏ వెలుగు తగిలిందో దాని మాటే చెల్లుతుంది."

"దానికెందుకంత పట్టింపు?"

"పైన పెద్ద మొక్కల ఆకులుంటే ఎరుపంతా అవే తాగేస్తాయి. కిందికి దిగేది ఎక్కువగా ఫార్ రెడ్డే. అప్పుడు గింజకి తెలుస్తుంది, నెత్తిన ఎవరో ఉన్నారు, ఇప్పుడు లేస్తే బతకనని. ఎరుపు దొరికిందంటే పైన ఖాళీ అన్నమాట."

ఇంకో రోజైతే ఎగిరి గంతేసేవాణ్ణి. పైనున్నవాళ్ళు ఎరుపంతా తాగేయడం, కిందివాళ్ళు చీకట్లో పొంచి ఉండటం! ఎనిమిది పేజీల కరపత్రానికి సరుకు. నిన్న మాత్రం నాకు కనబడింది ఒక్కటే: నాన్న బల్బు, దాని కింద తీరిగ్గా, ప్రేమగా, అరగంట చొప్పున రెండు రోజులు నేను.

అక్క ఇంకో మాట అంది. "ఈసారి చీకటివి మొలవకపోతే పాపం పిన్ని పనైపోయినట్టే."

అది నిన్నటిది. ఇక ఇవాళ.

రాత్రంతా ఆలోచించి ఒక పథకం వేశాను. అప్పుడది నాకు మహా గొప్పగా, న్యాయంగా కూడా తోచింది. ఈసారి కూడా చీకటి పళ్ళేలు మొలిచేస్తే? తప్పు సంచిదవుతుంది. పిన్ని బయటపడుతుంది. ఎవరికీ ఏమీ కాదు. ఎర్ర బల్బుని అన్నం సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. బోర్డు మీద ఏమీ రాయకుండా లోపలికి వెళ్ళాను. పచ్చది తీసి ఎర్రది బిగించాను. చీకటి పెట్టె మూత తీసి పది పళ్ళేలూ బల్ల మీద పరిచి గడియారం చూసుకున్నాను. ఐదు నిమిషాలు చాలు.

ఒకటో నిమిషం: ఇది పిన్ని కోసం. రెండో నిమిషం: ఇది పిన్ని కోసమే. మూడో నిమిషంలో, ఇదే మాట ఇన్నిసార్లు ఎందుకు అనుకుంటున్నానని అనుమానం వచ్చింది. పిన్ని కోసమే అయితే ఒక్క వాక్యం చాలు కదా. "నేనే చేశాను" అనడానికి బల్బు అక్కర్లేదు. బల్బు నా కోసం. ఇక అక్క మూడేళ్ళు? ఆ లెక్క నా పథకంలో లేనే లేదు. నెత్తిన నిలబడి ఎరుపంతా తాగేసే ఆకుని నేనే. దీనికి నా దగ్గర కరపత్రం లేదు.

ఐదో నిమిషం అయిపోయింది. లేచి కూర్చునే ఉంటాయి, ఐదు వందల గింజలూ.

ఫార్ రెడ్ దీపం ఆ మూలే ఉంది. నల్లటి అద్దం వెనక ఉంటుంది, వేసినా వేసినట్టే ఉండదు. కంటికి ఆనీ ఆనని కుంకుమ మరకలా కనిపిస్తుంది. దాని కింద పళ్ళేలు పెట్టి కూర్చున్నాను. పాడుచేసేటప్పుడు గదంతా దీపావళిలా వెలిగింది, బాగుచేసేటప్పుడు ఏమీ కనబడలేదు. ఐదు నిమిషాలు నమ్మకం మీదే గడపాలి. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నా జన్మలో ఇదే మొదలు.

పళ్ళేలు పెట్టెలో సర్ది, పచ్చ బల్బు బిగించి, బయటికొచ్చి సుద్దముక్క తీసుకున్నాను. బోర్డు మీద ఇలా రాశాను:

"ఒంటిగంట పది. చీకటి పెట్టెకి ఎరుపు, ఐదు నిమషాలు. వెంటనే ఫార్ రెడ్, ఐదు నిమషాలు. కావాలనే చేశాను. పోయిన వారం అన్నీ మొలవడానికి కారణం నేను పెట్టిన ఎర్ర బల్బు. తలుపు ఎవరూ తియ్యలేదు. బోర్డు మీద చీపురు గుర్తు లేదు. — కరపత్రం."

నేను రాసినవాటిలో అన్నిటికంటే చిన్నది. చదివినవాళ్ళు ఇద్దరే.

అక్క చదివి గోడకి ఆనుకుంది. మేడం రెండుసార్లు చదివింది. సుద్దముక్క తీసుకుని రెండు చోట్లా "నిమషాలు" కొట్టేసి "నిమిషాలు" అని దిద్దింది. ఆ తరవాతే నావైపు తిరిగింది.

"నన్ను పనిలోంచి తీసేయండి మేడం! ఈ క్షణమే!" అన్నాను. గొంతు వరండా అంతా మోగింది.

"తీసేస్తే నువ్వు త్యాగివైపోయి హాయిగా ఇంటికి పోతావు. కుదరదు. నలభై పళ్ళేలూ నువ్వే లెక్కపెట్టాలి. ఆ అమ్మాయి మళ్ళీ వెయ్యమన్నన్ని సార్లు వెయ్యాలి. పిన్నికి నువ్వే వెళ్ళి చెప్పాలి." రెండడుగులు వేసి ఆగింది. "కర్ర మాట విని వెనకాముందూ చూడకుండా పంపింది నేను. అది నేను చెప్పుకుంటాను."

అక్క గోడ వదిలి నా దగ్గరికి వచ్చింది. "ఎరుపు ఐదు, ఫార్ రెడ్ ఐదు. కచ్చితంగా?"

"గడియారం చూశానక్కా."

"సరే" అని చీకటి పెట్టె మీది చీటీ చింపేసింది. "ఇది ఇక చీకటి వరస కాదు. ఎరుపు తరవాత ఫార్ రెడ్ వరస. చీకటివి మళ్ళీ వేద్దాం. ఇంకో వారం." గుమ్మం దగ్గర తిరిగి చూసింది. "నిన్ను కొట్టాలనుంది రా."

"కొట్టక్కా."

"చేతిలో పళ్ళెం ఉంది."

14వ తేదీ, శుక్రవారం

వాన. కుండీల షెడ్డు దూరం. రేపు వెళ్తాను.

(తరవాత రాసింది: షెడ్డు ఎనభై అడుగులు. లెక్కపెట్టాను.)

15వ తేదీ, శనివారం

ముందు లెక్క, తరవాత షెడ్డు అనుకున్నాను. ఎరుపు పడ్డ పళ్ళేలు యాభైకి నలభై ఏడు, నలభై తొమ్మిది అలా మొలిచాయి. నా పది పళ్ళేలు, ఎర్ర బల్బు కింద లేపి మళ్ళీ పడుకోబెట్టినవి: ఐదు వందలకి ముప్పై ఒకటి. మిగతావన్నీ నిద్రపోతున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. అక్క భుజం మీంచి చూసి, "నీ వెధవపని కూడా ఒక వరసకి పనికొచ్చిందిరా" అంది. వారం తరవాత ఇవాళే నవ్వింది.

ఆఖరి వెలుగు మాటే చెల్లుతుంది. ఆ ధైర్యంతో షెడ్డుకి వెళ్ళాను.

పిన్ని తిరగేసిన కుండీ మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, ఇంకో కుండీ తోముతోంది. అంతా చెప్పాను. ఒక్క వాక్యం చాలనుకున్నవాణ్ణి పావుగంట చెప్పాను. ఆవిడ తోమడం ఆపలేదు.

"కర్ర అన్నది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసు" అంది. "పేరు చెప్పలేదంటావు గానీ, ఆ భవనంలో కర్ర ఇంకెవరికుంది?"

"మరి నన్నెందుకు అడగలేదు పిన్నీ?"

"అడిగితే ఉపన్యాసం మొదలెడతావు. నాకిక్కడ రెండొందల కుండీలున్నాయి."

నేను గింజల సంగతి చెప్పాను. ఎరుపు, ఫార్ రెడ్, ఎన్నిసార్లు తప్పు జరిగినా ఆఖరున పడ్డ వెలుగే లెక్కని. శ్రద్ధగా వింది. కుండీ బోర్లించి చెయ్యి తుడుచుకుంది.

"బావుంది నాయనా. గింజకి అదే చెల్లుతుంది. నాకు మాత్రం ముందన్న మాటా గుర్తుంటుంది, తరవాతన్న మాటా గుర్తుంటుంది. ఏం చెయ్యను, నేను గింజని కాను కదా."

పిన్నికి జాలేసినట్టుంది.

"ఊరికే నిలబడకు. చెయ్యివ్వు, లేస్తాను." లేచింది. మోకాలు పట్టుకుని కాసేపు నిలబడింది. "సోమవారం నించి మళ్ళీ అక్కడికే రమ్మని పొద్దున మేడం వచ్చి చెప్పింది. తప్పు నాది అంది. ఆవిడ రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోయింది, నీకేమో పావుగంట పట్టింది. సరేలే. వస్తాను గానీ, ఈ మోకాలు తగ్గేదాకా వరండా నువ్వే తుడవాలి. ఆ కర్ర ఉందే, అది ఇక నీది."

16వ తేదీ, ఆదివారం

నాన్నకి చెప్పాను. బల్బుని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకుంటూ, "నలభయ్యేళ్ళు నిజాయితీగా పనిచేసిన బల్బురా. నీ దగ్గర వారం రోజులుంది, చెడిపోయింది" అన్నాడు. తరవాత ఇద్దరం నా బారసాల ఫొటో చూసుకున్నాం. అందులో కూడా నోరు తెరిచే ఉన్నాను.

17వ తేదీ, సోమవారం

వరండా తుడవడం అనుకున్నంత తేలిక కాదు. నీళ్ళెక్కువైతే చార, తక్కువైతే మట్టి. కర్ర రెండుసార్లు చీకటి గది తలుపుకి తగిలింది. తలుపు తెరుచుకోలేదు. దానికి గట్టి గడియ ఉంది, ముందు నుంచీ ఉంది.

పిన్ని స్టూలు మీద కూర్చుని అద్దాలు తుడుస్తూ, "ఆ మూల. ఆ మూల కాదు, ఈ మూల" అంటోంది. ఆవిడ చేతిలోది నా పాత కరపత్రం. ఇంకో నాలుగు ఇచ్చాను.

అక్క కొత్త చీకటి పెట్టె రేపు పెడుతుంది, ఇవాళ గది తుడవాలి. నేనే తుడుస్తానన్నాను. తలుపు దగ్గరికెళ్ళి సుద్దముక్క తీసుకున్నాను. పేరు రాయబోయి ఆగి చీపురు బొమ్మ గీశాను. నిలువుగా ఒక గీత, కింద నాలుగు పుల్లలు.

పిన్ని స్టూలు దిగి వచ్చి చూసింది. "ఇది చీపురా, నీ జుట్టా?" అని నా చేతిలోంచి సుద్దముక్క లాక్కుని పక్కనే సరైనది గీసింది. "పుల్లలు ఇలా కలవాలి. విడివిడిగా ఉంటే ఏం ఊడుస్తుంది?"

రేపు పొద్దున బోర్డు తుడవాల్సింది నేనే. ఆ రెండు చీపుర్లూ వదిలేసి మిగతాదంతా తుడుస్తాను.